గులాబీ జుట్టు పుంజు గుట్టు

వైయన్‌డాట్ కోళ్ళు పెంచేవాళ్ళు తొలిసారి పిల్లలు తీయించగానే అడిగే ప్రశ్న ఒకటుంది (జుట్టంటే ఇక్కడ కోడి తలమీది ఎర్రటి కండ; బుడిపెలుగా అణిగి ఉంటే గులాబీ జుట్టు). "పుంజుకీ పెట్టలకీ గులాబీ జుట్టే కదా, మరి ఇరవై పిల్లల్లో నాలుగింటికి రంపంలా నిలబడ్డ ఒంటి జుట్టు వచ్చిందేం? కల్తీ జాతి అంటగట్టారా?"

కల్తీ కాదు. ఈ జాతిని అమెరికా కోళ్ళ ప్రమాణాల్లో చేర్చింది 1883లో. అప్పట్నుంచీ ఒంటి జుట్టు పిల్లల్ని ఏరి పక్కన పెడుతూనే ఉన్నారు. అయినా అవి పుడుతూనే ఉన్నాయి. అసలు అవి పుట్టడం ఆగిపోతే ఈ జాతికే ముప్పు. ఎందుకో చూద్దాం.

జాతి సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పుట్టిల్లు న్యూయార్క్ రాష్ట్రం, పేరు ఉత్తర అమెరికా ఆదివాసి తెగ ఒకదానిది. గుడ్లకీ మాంసానికీ రెంటికీ పనికొస్తుంది. పుంజు 3.8 కిలోలు, పెట్ట 2.9 కిలోలు తూగుతాయి. గోధుమరంగు గుడ్లు ఏడాదికి రెండొందలకి అటూ ఇటూ. నెమ్మదైన కోడే గాని ఒళ్ళో కూర్చోబెట్టుకుందామంటే కూర్చోదు. మందలో మిగతా జాతులుంటే పెత్తనం తనదే. బరువు వల్ల పెద్దగా ఎగరదు. పొదుగు మీద కూర్చునే గుణం చాలా పెట్టల్లో మిగిలే ఉంది.

చలికి తట్టుకుంటుందని దీనికి పేరు. ఒత్తైన ఈకలు ఒక కారణం, రెండోది జుట్టు. కోడికి చెమట పట్టదు. ఒంట్లో వేడిని బయటికి పంపే దారుల్లో జుట్టొకటి, దాన్నిండా సన్నటి రక్తనాళాలే. వేసవిలో అది వరం. గడ్డకట్టే చలిలో మాత్రం నిలువెత్తు ఒంటి జుట్టు మొనలకి రక్తం సరిగా అందదు. మొనలు ముందు పాలిపోయి, తర్వాత నల్లబడి, కొన్ని వారాలకి రాలిపోతాయి. గులాబీ జుట్టు పుర్రెని అంటిపెట్టుకుని, బుడిపెలు బుడిపెలుగా, అణిగి ఉంటుంది. మంచు కొరకడానికి దొరికేది తక్కువ. ఒక మాట: జుట్టుని పాడుచేసేది చలికన్నా గూట్లోని తేమ. రాత్రంతా కోళ్ళు వదిలే ఆవిరి పోయేందుకు వాటి తలలకన్నా ఎత్తులో గాలి సందులుండాలి. చలని చెప్పి అన్నీ మూసేసిన గూట్లోనే జుట్లు ఎక్కువగా నల్లబడతాయి. నల్లబడ్డ మొనని రుద్దకూడదు, కోయకూడదు. దాని కింద బతికున్న భాగానికి అదే కవచం.

ఇక అసలు కథ. మెండెల్ చెప్పిన వంశపారంపర్య సూత్రాలు జంతువులకీ వర్తిస్తాయని 1902లో బ్రిటిష్ శాస్త్రవేత్త బేట్సన్ చూపించింది కోడి జుట్లతోనే. గులాబీ జుట్టు బహిర్గతం, అంటే దాని జన్యువు ఒక్క ప్రతి (కాపీ) ఉన్నా పైకి కనిపిస్తుంది; ఒంటి జుట్టు అంతర్గతం, రెండు ప్రతులూ దానివే అయితేనే కనిపిస్తుంది. గులాబీ జుట్టు, బఠాణీ జుట్టనే ఇంకో ఆకారంతో కలిస్తే అక్రోటు జుట్టు, మనవల తరంలో అక్రోటు, గులాబీ, బఠాణీ, ఒంటి జుట్లు 9:3:3:1. జన్యుశాస్త్రం చదివిన ప్రతివాళ్ళూ ఈ నిష్పత్తిని వల్లెవేసి ఉంటారు. పాఠం అక్కడితో ఆగిపోవడమే నా బాధ. జుట్టు ఆకారం చెప్పి వదిలేస్తారు, ఆ జన్యువు ఒంట్లో ఇంకేం చేస్తుందో చెప్పరు.

2012లో తేలిందేమిటంటే, గులాబీ జుట్టుకి కారణం డీఎన్‌ఏ రాతలో ఒక అక్షరం మారడం కాదు. ఏడో క్రోమోజోములో దాదాపు 74 లక్షల అక్షరాల ముక్క మొత్తంగా తిరగబడింది. పొడుగాటి రైలు ఊహించుకోండి. మధ్యలో కొన్ని బోగీలు విప్పి, వెనకది ముందుకీ ముందుది వెనక్కీ వచ్చేలా తిప్పి తగిలించారు. బోగీలన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. కానీ విప్పిన చోట్లు రెండు, అక్కడ జరిగినవీ రెండు. ఒక చివర ఎమ్‌ఎన్‌ఆర్2 అనే జన్యువుకి పొరుగు మారిపోయింది. జన్యువు ఎప్పుడు, ఎక్కడ పనిచెయ్యాలో ఆజ్ఞలిచ్చేది చాలామట్టుకు పొరుగున ఉండే డీఎన్‌ఏ. కొత్త పొరుగు మాట విని ఆ జన్యువు పిండదశలో, తనకి సంబంధం లేని జుట్టు కణజాలంలో కొంతసేపు మేలుకుంటుంది. జుట్టు అణిగి, వెడల్పై, బుడిపెలు కడుతుంది. రెండో చివర మాత్రం కత్తి బోగీల మధ్య పడలేదు, సరిగ్గా ఒక బోగీ నడుం మీద పడింది. ఆ తెగిన బోగీ పేరు సీసీడీసీ108. వీర్యకణం చురుగ్గా ఈదడానికి కావలసిన జన్యువు అది.

అంటే చలిని తట్టుకునే జుట్టూ, ఈదలేని వీర్యకణమూ తిరగబడ్డ ఆ ఒక్క ముక్కకే రెండు కొసలు. ఒకటి ఉంచుకుని రెండోది వదిలించుకుందామంటే అంత తేలిగ్గా కుదరదు. అరుదుగా, కొన్ని కోళ్ళలో, మామూలు క్రోమోజోముతో ముక్కలు సరిసమానంగా కాకుండా మార్చుకోవడం వల్ల గులాబీ జుట్టు ఉంటూనే సీసీడీసీ108 పూర్తిగా ఉన్న రకం ఒకటి పుట్టింది. వాటికి ఈ బెడద లేదు.

తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క ప్రతి వస్తే ఇబ్బంది లేదు, మంచి ప్రతి ఇంకోటుంటుంది. రెండు ప్రతులూ గులాబీవే అయిన పుంజుకే చిక్కు. పెట్టకి రెండున్నా నష్టం లేదు. ఆ పుంజు పూర్తి గొడ్డు కాదు. పెట్టని తొక్కుతుంది, వీర్యమూ ఉంటుంది. కాకపోతే పెట్టలో యోని, గర్భాశయం కలిసే చోట సన్నటి గొట్టాల్లాంటి అరలుంటాయి. మంచి వీర్యం వాటిలోకి ఈది చేరి రెండు మూడు వారాలు నిలవుంటుంది. ఈదలేనిది అక్కడిదాకా చేరేది తక్కువ, నిలిచేది ఇంకా తక్కువ. మందలో ఇంకో పుంజు ఉంటే పోటీలో దానిదే గెలుపు. గూటికి రాజులా తిరిగే పుంజు పిల్లల్లో ఒక్కదానికీ తండ్రి కాకపోవచ్చు!

ఇప్పుడు చిన్న లెక్క. ఒక్కో ప్రతి మాత్రమే ఉన్న పుంజునీ పెట్టల్నీ కలిపితే పిల్లల్లో నాలుగో వంతు ఒంటి జుట్టు. వాటిని తీసేస్తూ పోతే, పుంజులన్నీ సమానంగా పిల్లలకి తండ్రులైతే, తర్వాతి తరాల్లో ఆ వాటా 1/9, 1/16, 1/25... కరిగిపోవాలి. అలా కాకుండా రెండు ప్రతుల పుంజు అసలు తండ్రే కాదనుకుందాం (ఇది అతిశయోక్తే, లెక్క తేలిక కావడానికి). అప్పుడు ప్రతి తండ్రీ ఒక్క ప్రతిదే, సగం వీర్యంలో ఒంటి జుట్టు జన్యువే. తరాల వాటా 1/6, 3/20... ఇలా దిగి 14.6 శాతం దగ్గర నిలిచిపోతుంది. ఏడు పిల్లల్లో ఒకటి. ఎన్నేళ్ళు ఏరినా అంతకన్నా దిగదు. నిజం మందల్లో ఈ రెండు లెక్కలకీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఒంటి జుట్టు పిల్లలు పూర్తిగా ఆగిపోయాయంటే మందలో పుంజులు దాదాపు అన్నీ రెండు ప్రతులవే అయినట్టు, ముప్పన్నది అదే.

గుడ్లు మురిగితే ఉరుముల్నీ, పెట్టనీ తిట్టడం పాత అలవాటు. ముందు చూడవలసింది పుంజుని. ఏడో రోజున దీపం ముందు గుడ్డు పట్టి చూడండి. రక్తనాళాల వల కనిపించి తర్వాత ఆగిపోతే తప్పు చాలాసార్లు పొదుగుదలది. ఏమీ లేకుండా తేటగా ఉంటే చాలామటుకు అది ఫలదీకరణ జరగని గుడ్డు. అప్పుడు కూడా మొదటి అనుమానం జన్యువు మీద పెట్టుకోకండి. వైయన్‌డాట్ల వెనక భాగం ఈకలు మరీ గుబురు, కలయికకి అడ్డొస్తాయి. పుంజుకీ పెట్టలకీ గుదం చుట్టూ రెండంగుళాల మేర మెత్తటి ఈకలు కత్తిరించండి, నెత్తురుండే కొత్త ఈకని మాత్రం కొయ్యొద్దు. జొన్నలు ఎక్కువ తిని కొవ్వెక్కిన పుంజు, జుట్టుకి మంచు కొరికిన పుంజు కూడా కొన్నాళ్ళు పనిచెయ్యవు. ఇవేవీ కాకపోతేనే జన్యువు.

ఒక్క ప్రతో రెండు ప్రతులో జుట్టు చూసి చెప్పలేం. ఒంటి జుట్టు పెట్టతో జతకట్టించి ఎనిమిది పిల్లలు చూడాలి. అన్నిటికీ గులాబీ జుట్టే వస్తే రెండు ప్రతులదని నమ్మొచ్చు; ఒక్క ప్రతి పుంజుకి అలా ఎనిమిదీ వచ్చే అవకాశం 256లో ఒకటి. ఎటూ గుడ్లు నిలవని పుంజుతో ఎనిమిది పిల్లలు తీయడం విసుగు పని, అది వేరే సంగతి.

ఇంతకన్నా తేలికైన దారుంది. పారేద్దామనుకున్న ఒంటి జుట్టు పుంజునే, ఒళ్ళూ రంగూ బాగుంటే, గులాబీ జుట్టు పెట్టల మీద వదలండి. ముందున్న పుంజుని తీసేసి నాలుగు వారాలు ఆగాకే గుడ్లు ఏరాలి, లేకపోతే పాత వీర్యం లెక్క తప్పిస్తుంది. ఏ పెట్ట గుడ్డు ఏదో గుర్తు పెట్టుకోండి. ఒంటి జుట్టు పిల్ల పుట్టిన పెట్టది ఒక్క ప్రతి. ఎనిమిదీ గులాబీ జుట్టువే అయితే రెండు ప్రతులని నమ్మొచ్చు. ఆ రెండో రకం పెట్టల పిల్లలన్నీ చూడ్డానికి జాతి లక్షణాలతో, లోపల ఒక్కో ప్రతితో పుడతాయి. వాటిలో పుంజు ఏదైనా బాగా ఈదే వీర్యం గలదే. దాన్ని మళ్ళీ రెండు ప్రతుల పెట్టలతో, తల్లితో కాకుండా, కలిపితే ఒంటి జుట్టు ఒక్కటీ రాదు. పుట్టిన పుంజుల్లో మాత్రం సగం రెండు ప్రతులవి ఉంటాయి కాబట్టి, మరుసటి ఏడాది మందకి వదిలేది ఒక్కటే కాకుండా రెండు మూడు అన్నదమ్ముల్ని ఉంచుకోండి.