మత్తుమందు, మొండి డిప్రెషన్

డిప్రెషన్‌కి మాత్రలు రాసేటప్పుడు సైకియాట్రిస్టులు తప్పకుండా చెప్పే మాట: "కొన్ని వారాలు ఓపిక పట్టండి, మధ్యలో మానేయకండి." ఒక మందు పనిచేయకపోతే ఇంకోటి, మళ్లీ అంత ఎదురుచూపు. కనీసం రెండు మందులు సరైన మోతాదులో, తగినంత కాలం వాడినా గుణం కనిపించకపోతే దాన్ని మొండి డిప్రెషన్ కింద లెక్కేస్తారు. చావు ఆలోచనలు వెంటాడుతున్న మనిషికి వారాలు గడవడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

కెటమిన్‌ అనే మత్తుమందు మీద అంత ఆశ పుట్టింది అందుకే: వారాలు కాదు, గంటల్లోనే గుణం చూపిస్తుందని. 1962లో కాల్విన్ స్టీవెన్స్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త పార్క్-డేవిస్ కంపెనీ కోసం దీన్ని తయారుచేశాడు. 1970లో అక్కడ మత్తుమందుగా అనుమతి వచ్చింది. ఊపిరిని పెద్దగా అణచదు, బీపీని సాధారణంగా పడిపోనివ్వదు కాబట్టి యుద్ధరంగంలోనూ, పెద్దగా సదుపాయాల్లేని ఆసుపత్రుల్లోనూ మత్తు డాక్టర్లకు నమ్మకమైన మందయింది. పశువుల డాక్టర్లకూ ఇది బాగా తెలిసిందే.

2000లో యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని డిప్రెషన్ రోగుల మీద పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. పరీక్ష పూర్తిచేసింది ఏడుగురే. కిలో బరువుకి అర మిల్లీగ్రాము, అంటే 60 కిలోల మనిషికి 30 మిల్లీగ్రాములు, 40 నిమిషాల పాటు నెమ్మదిగా నరంలోకి ఎక్కించారు. ఈ మోతాదుకి మనిషి నిద్రలోకి జారుకోడు. ఒళ్లు తనది కానట్టు, కాలం సాగిపోతున్నట్టు అనిపిస్తుంది. ఆ మైకం గంటా రెండు గంటల్లో దిగిపోతుంది, మనసు తేరుకోవడం మాత్రం ఆ తర్వాతా నిలుస్తుంది. 2006లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో కార్లోస్ జరాటే బృందం మొండి డిప్రెషన్ ఉన్నవాళ్ల మీద ఇదే పరీక్ష చేసింది. కెటమిన్ తీసుకున్న 17 మందిలో 12 మందికి మర్నాటికే లక్షణాలు సగానికి పైగా తగ్గాయి. వారం తర్వాత చూస్తే ఆ గుణం నిలిచింది దాదాపు మూడో వంతు మందికే.

ఈ నిలవకపోవడం గురించి ఎలుకలు కొంత చెప్పాయి. కెటమిన్ ఇచ్చాక వాటి ప్రవర్తన కొద్ది గంటల్లోనే మెరుగుపడింది. ఒత్తిడికి రాలిపోయిన నాడీకణాల అతుకులు, మోడుకి చిగుళ్లొచ్చినట్టు, మళ్లీ మొలిచింది ఆ తర్వాత. ఆ కొత్త అతుకుల్ని చెరిపేస్తే మెరుగుదల నిలవలేదు. ఉపశమనాన్ని మొదలుపెట్టేది ఒకటి, నిలబెట్టేది ఇంకొకటి అన్నమాట.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. మందు పరీక్షల్లో సగం మందికి ఉత్త సెలైన్ పెట్టి, ఎవరికేది ఎక్కిందో రోగికీ డాక్టరుకీ తెలియకుండా ఉంచాలి. కానీ గది తేలుతున్నట్టుంటే తనకి ఎక్కింది సెలైన్ కాదని ఎవరికైనా తెలిసిపోదూ? 2013లో సెలైన్‌కి బదులు, కాస్త మగత తెచ్చే మిడజోలమ్‌తో పోల్చారు. మర్నాటికి కెటమిన్ వాళ్లలో 64 శాతం మందికి, మిడజోలమ్ వాళ్లలో 28 శాతం మందికి గుణం కనిపించింది. తేడా ఉంది, అయినా మైకాల్లో తేడా కూడా ఉందిగా!

స్టాన్‌ఫర్డ్ వాళ్లు గడుసు ఉపాయం పన్నారు. డిప్రెషన్ ఉండి, వేరే ఆపరేషన్ కోసం ఎలాగూ పూర్తి మత్తు తీసుకోబోతున్న 40 మందిని ఎంచుకున్నారు. స్పృహ లేనప్పుడు కొందరికి కెటమిన్, కొందరికి సెలైన్ ఎక్కించారు. 2023లో ఫలితం బయటికొచ్చింది: రెండు గుంపుల్లోనూ డిప్రెషన్ బాగా తగ్గింది, తేడా లేదు. బాగున్నవాళ్లు తమకి కెటమినే ఎక్కిందని అనుకున్నారు.

దీంతో కెటమిన్ ఉత్త నమ్మకమేనని తేల్చేయడం తొందరపాటని నా అభిప్రాయం. మిగతా మత్తుమందులు దాని పనికి అడ్డుపడి ఉండొచ్చు. ఆ మైకాన్ని మెలకువలో అనుభవించడమే చికిత్సలో భాగమూ కావచ్చు. అయితే ఆశ వాటా చిన్నదేమీ కాదని మాత్రం ఒప్పుకోక తప్పదు.

ఈలోగా కెటమిన్‌లోని ఒక రూపం ఎస్‌కెటమిన్‌కి, ముక్కులో కొట్టే స్ప్రేగా, 2019లో అమెరికా అనుమతి దొరికింది. స్ప్రే తీసుకున్నాక రెండు గంటలు క్లినిక్‌లోనే కూర్చోబెట్టి బీపీ చూస్తారు, మర్నాటి దాకా బండి నడపనివ్వరు. అలవాటుపడే ప్రమాదం, ఎక్కువ వాడేవాళ్లలో మూత్రాశయం దెబ్బతినడం ఉన్నవే. మన దేశంలో కెటమిన్ ఎన్‌డీపీఎస్ అనే మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం కిందికి వస్తుంది. పేటెంట్ లేని పాత కెటమిన్ చవక, కొత్త స్ప్రే ఖరీదెక్కువ. లాభం లేని ఆ చవక మందు మీద పెద్ద పరీక్షలకి ఏ కంపెనీ డబ్బు పెడుతుంది? ప్రభుత్వాలే పెట్టాలి.