ఫోన్ చదవలేని పేజీ

మా పక్కింట్లో పదో తరగతి చదివే అమ్మాయి ఉంది. పుట్టుకతోనే చూపు లేదు. సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని, ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని సాంఘిక శాస్త్రం చదువుకుంటుంది. వేలు కుడివైపుకి ఒకసారి జరిపితే ఫోన్ తర్వాతి అంశం చదువుతుంది, రెండుసార్లు తడితే పాఠం తెరుచుకుంటుంది. ఆ గొంతు ఎంత గబగబా చదువుతుందంటే, రెండో ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టుకున్నా ఒక్క ముక్క అందలేదు. తనకు అది మామూలు వేగమే.

మొన్న ఆ ఫోన్ ఒకచోట మూగబోయింది. బడి వాట్సాప్ గ్రూపులో వచ్చిన నోట్స్ మీద వేలు పెడితే ‘ఫోటో’ అంది, అంతే. చేత్తో రాసిన కాగితాన్ని ఫోటో తీసి పంపారు. తరగతిలో అందరికీ అందిన పాఠం ఈ పిల్లకి అందలేదు.

ఆండ్రాయిడ్ ఫోన్లలో చదివి వినిపించే ఆ సదుపాయం పేరు టాక్‌బ్యాక్. 2009లో వచ్చింది. ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ వచ్చిందీ ఆ ఏడాదే. టాక్‌బ్యాక్ తొలి రోజుల్లో దాని మీద పనిచేసిన గూగుల్ ఇంజినీర్లలో పుణెలో పెరిగిన టి.వి. రామన్ ఒకరు. పద్నాలుగో ఏట గ్లకోమా అనే కంటి జబ్బుతో ఆయన చూపు పోయింది. మీటలే లేని నున్నటి అద్దం మీద చూపు లేనివాళ్లు నంబరు ఎలా నొక్కాలి? ఆయన బృందం ఆలోచన చూడండి: వేలు ఎక్కడ ఆనిస్తే అదే 5. అక్కణ్ణుంచి పైకి జరిపితే 2, కిందికి జరిపితే 8. మీటను వెతుక్కునే పనే లేదు, వేలున్న చోటికే మీటలు వస్తాయి. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ముచ్చటేస్తుంది.

అంతకు ముందే, 1994లో, కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆయన పీహెచ్‌డీ పని గణిత పత్రాలను చదివి వినిపించే ప్రోగ్రాం. ఆ పత్రాలు టెక్ (TeX) అనే, గణితాన్ని టైపు చేసిన ఆదేశాలతో రాసే పద్ధతిలో రాసినవి. అందులో భిన్నం రాస్తే ఏది లవమో ఏది హారమో మాటల్లోనే ఉంటుంది. అందుకే యంత్రం దాన్ని పలకగలిగింది. ఆ భిన్నాన్నే ఫోటో తీసి ఇస్తే యంత్రానికి అందేవి చుక్కల రంగులు మాత్రమే.

తెలుగుకి వద్దాం. ఒక్కో అక్షరానికీ ఒక్కో సంకేతం కేటాయించే యూనికోడ్‌లో ‘స్త్రీ’ అని టైపు చేస్తే ఫోన్‌లో ఆరు సంకేతాలు పడతాయి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వాటిని బట్టే గొంతు సరిగ్గా పలుకుతుంది, అడిగితే అక్షరం అక్షరం విడదీసి చెబుతుంది. పాత డీటీపీ ఫాంట్లలో అలా కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల ఆకారాలు కూర్చోబెట్టారు. అచ్చులో అందంగానే ఉంటుంది. ఫోన్ మాత్రం అడుగున ఉన్న సంకేతాలను చదువుతుంది, పొంతన లేని ఇంగ్లీషు ముక్కలు వినిపిస్తాయి. పుస్తకాలను చూపులేనివారికి అనువైన రూపంలోకి మార్చుకోవడానికి 2012 సవరణతో మన కాపీరైట్ చట్టమే దారి ఇచ్చింది. చట్టం తెరిచిన తలుపును ఫాంటు మూసేయడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇది ఒక్క చూపు సమస్య కూడా కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నేర్చుకోవడంలో ఎదురయ్యే ప్రత్యేక ఇబ్బందులూ ఉన్నాయి. డిస్లెక్సియా ఉన్న పిల్లవాడికి మ, య ఒకేలా అనిపించవచ్చు, ఒత్తులు వరస తప్పవచ్చు. టైపు చేసిన పాఠమైతే ఫోన్ ఒక్కో మాటకీ రంగు వేసి చూపిస్తూ చదువుతుంది, కన్నూ చెవీ కలిసి నడుస్తాయి. చూపు మందగించిన పిల్లలకు అక్షరాలు పెద్దవి చేస్తే వాక్యం తెర వెడల్పుకు సర్దుకుంటుంది. ఫోటోను పెద్దది చేస్తే సగం వాక్యం తెర దాటిపోతుంది.

కెమెరాతో అచ్చు అక్షరాలను గుర్తించే యాప్‌లున్నాయి. శుభ్రమైన అచ్చు పేజీతో బాగానే నెట్టుకొస్తాయి. హడావిడిగా రాసిన చేతిరాత, అందులోనూ కిందా పక్కనా ఒత్తులున్న తెలుగు, ఇప్పటికీ వాటికి కష్టమే.

గూగుల్ కీబోర్డు 2017 నుంచి తెలుగు మాటలు విని టైపు చేస్తోంది. ఆ రోజు నోట్స్ ముందు పెట్టుకుని నేనే చదివాను, అది రాసుకుంది. రెండు పేజీలకి పావుగంట పట్టింది. కనిపించిన తప్పులు దిద్ది పంపాను. కాసేపటికి గోడ అవతలి నుంచి పిలుపు.

“బాబాయ్, రెండో పేరాలో ‘వ్యవస్థ’కి థ బదులు త పడింది. దిద్ది మళ్లీ పంపుతారా?”