మీ సబ్సిడీ మీద ఎవరో ఆర్టీఐ వేశారా? అపోహలు - వాస్తవాలు

పరిశ్రమల రాయితీలకు క్లెయిములు తయారుచేయడం నా వృత్తి. గాజువాక, ఆటోనగర్, పెదగంట్యాడ వైపు చిన్న యూనిట్ల వాళ్లు ఎక్కువగా వస్తారు. పెట్టుబడి రాయితీ ఎప్పుడు పడుతుంది, కరెంటు రాయితీ ఎందుకు ఆగింది అన్నవి రోజూ ఉండే ప్రశ్నలే. మధ్యమధ్యలో ఇంకో రకం ఫోన్ వస్తుంది. “సార్, నా సబ్సిడీ కాగితాలు ఎవరో ఆర్టీఐలో అడిగారట. సెక్షన్ 11 నోటీసు వచ్చింది. ఇచ్చిన డబ్బులు వెనక్కి లాగేసుకుంటారా?” అప్పటికే టీ కొట్టు దగ్గర ఎవరో జీఎస్టీ వాళ్లు దిగుతారని చెప్పి ఉంటారు. ఇంకెవరో బ్యాంకు లిమిట్ ఆపేస్తుందని అని ఉంటారు. ఆ చెప్పినవాళ్లలో ఒక్కరూ నోటీసు పూర్తిగా చదివి ఉండరు.

అపోహ: నోటీసు వచ్చిందంటే మన మీద విచారణ మొదలైనట్టే.

వాస్తవం: అది మీ అభిప్రాయం అడిగే ఉత్తరం, అంతే. మీరు గోప్యంగా ఉంచమని ఆఫీసుకిచ్చిన కాగితాలను వేరొకరు అడిగితే, ఇవ్వాలా వద్దా అని తేల్చేముందు ఆ ఆఫీసు ప్రజా సమాచార అధికారి (పీఐఓ) మిమ్మల్ని అడగాలి. 2005 సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ)లో సెక్షన్ 11 చెప్పేది ఇదే. దరఖాస్తు అందిన 5 రోజుల్లో మీకు నోటీసు పంపాలి. అది మీ చేతికొచ్చిన రోజు నుంచి 10 రోజుల్లో మీరు రాతగానో నోటితోనో మీ మాట చెప్పుకోవచ్చు. దరఖాస్తు అందిన 40 రోజుల్లో పీఐఓ నిర్ణయం తీసుకుని మీకూ తెలపాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీలుకు వెళ్లవచ్చు.

జనం నష్టపోయేది ఆ 10 రోజుల్లోనే. కొందరు భయపడి నోటీసును బీరువాలో పెట్టేస్తారు. కొందరు ఎవరినో పట్టుకుని “మేనేజ్” చేయించాలని డబ్బు పోగొట్టుకుంటారు.

కంచరపాలెం వైపు ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్ నడిపే ఒకావిడ నోటీసు పట్టుకుని వచ్చారు. దరఖాస్తుదారుణ్నంటూ ఒకడు ఫోన్ చేసి, ఇంత ఇస్తే వెనక్కి తీసుకుంటానన్నాడట. “గాజులు తాకట్టు పెట్టయినా ఇచ్చేస్తాను బాబూ, పేపర్లో పేరు రాకుండా చూడండి” అన్నారు. నోటీసుకు జత చేసిన దరఖాస్తు తీసి చూశాను. అడిగింది లబ్ధిదారు పేరు, మంజూరైన మొత్తం, ఏ తేదీన విడుదల చేశారు. “అమ్మా, ఇవి ఎవరూ అడగకపోయినా ఆఫీసే తనంతట తాను ప్రకటించాలి” అని సెక్షన్ 4(1)(బి) చదివి వినిపించాను. అందులో 12వ అంశం రాయితీ పథకాలు ఎలా అమలవుతున్నాయో, ఎంత కేటాయించారో, లబ్ధిదారులెవరో చెప్పమంటుంది. 13వ అంశం ప్రభుత్వం నుంచి రాయితీలు, పర్మిట్లు పొందినవారి వివరాలు పెట్టమంటుంది. ఆవిడ కాసేపు ఆలోచించి, “మరి వాడు నన్ను డబ్బెందుకు అడుగుతున్నాడు?” అన్నారు. మీకు ఈ సంగతి తెలియదని వాడికి తెలుసు కాబట్టి, అన్నాను.

ఆ తర్వాత కూడా వాడు ఫోన్ చేశాడు. ఆవిడ కొడుకు ఎత్తి, కాల్ రికార్డవుతోందని చెప్పాక మానేశాడు. అలాంటి ఫోన్ వస్తే పోలీసులకు చెప్పండి, భారతీయ న్యాయ సంహితలో బెదిరించి డబ్బు గుంజడానికి 308వ సెక్షన్ ఉంది. డబ్బిచ్చి ఒకడి నోరు మూయించినా రేపు ఇంకొకడు అదే 10 రూపాయలతో అదే కాగితం అడగవచ్చు. ప్రజల డబ్బు తీసుకున్న సంగతి రహస్యం కాదు, కానక్కర్లేదు. కష్టపడి యూనిట్ పెట్టి, నిబంధనల ప్రకారం తీసుకున్న రాయితీకి సిగ్గుపడాల్సిన పని ఏముంది?

అయితే మీరు కాపాడుకోవాల్సినవీ ఉన్నాయి. దానికే ఆ 10 రోజులు. అచ్యుతాపురంలో పంపు విడిభాగాలు చేసే ఒకాయన నోటీసుకు జవాబే ఇవ్వలేదు. దరఖాస్తుదారు అడిగింది మొత్తం ప్రాజెక్టు రిపోర్టు. అందులో డ్రాయింగులున్నాయి, ఏ కస్టమర్‌కి ఏ రేటుకి ఇస్తున్నాడో పట్టిక ఉంది. అభ్యంతరం రాలేదు కాబట్టి ఆఫీసు రిపోర్టంతా జిరాక్సు తీసి ఇచ్చేసింది. ఆయన నా దగ్గరికి వచ్చేసరికి చేయగలిగింది ఏమీ మిగల్లేదు.

జవాబు ఎలా రాయాలంటే, ముందు ఏమేం అడిగారో అంశాల వారీగా చూడండి. పేరు, మొత్తం, తేదీ, ప్లాటు విస్తీర్ణం లాంటి వాటికి అభ్యంతరం లేదని రాసేయండి. అలా రాస్తే మిగతా అభ్యంతరాలకు విలువ పెరుగుతుంది. డ్రాయింగులు, తయారీ ఫార్ములా, కస్టమర్ రేట్లు ఏ పేజీల్లో ఉన్నాయో నంబర్లతో చూపండి. అవి బయటికొస్తే పోటీదారు మిమ్మల్ని ఎలా దెబ్బతీస్తాడో రెండు వాక్యాల్లో చెప్పి, వ్యాపార రహస్యాలకు మినహాయింపునిచ్చే సెక్షన్ 8(1)(డి) పేర్కొనండి. ఆ పేజీలు తీసేసి మిగతావి ఇవ్వమని సెక్షన్ 10 కింద కోరండి. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్ల లాంటి వ్యక్తిగత వివరాలకు 8(1)(జె) ఉంది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సవరణతో ఆ మినహాయింపు ఇంకా విస్తరించింది. ఆదాయపు పన్ను రిటర్నులు వ్యక్తిగత సమాచారమని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది.

“నాకు ఇష్టం లేదు, ఇవ్వొద్దు” అని ఒక్క ముక్క రాసి పంపేవాళ్లూ ఉన్నారు. మీ అభ్యంతరం వీటో కాదు. కారణం లేకపోతే పీఐఓ పక్కన పెట్టేస్తారు, పెట్టేయాలి కూడా. విస్తృత ప్రజాప్రయోజనం ఉందనుకుంటే కారణం ఉన్నా కొన్ని ఇవ్వవచ్చు. ఇక మంజూరు పత్రంలోని షరతులు మీరే తప్పి ఉంటే, మెషిన్లు అమ్మేసి ఉంటే, సెక్షన్ 11 జవాబు మిమ్మల్ని కాపాడదు. దానికి నా దగ్గర మందు లేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

అపోహ: ప్రైవేటు కంపెనీకి ఆర్టీఐ వర్తించదు కాబట్టి దానికిచ్చిన రాయితీ అడగకూడదు. అడగాల్సింది కంపెనీని కాదు, ఇచ్చిన ఆఫీసుని. జిల్లా పరిశ్రమల కేంద్రం, పారిశ్రామిక భూములు చూసే ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ రెండూ జవాబు చెప్పాల్సినవే. ఎందుకు అడుగుతున్నారో చెప్పక్కర్లేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10, గ్రామ స్థాయిలో ఏమీ లేదు.

అపోహ: ఆన్‌లైన్‌లో జీఓ (ప్రభుత్వ ఉత్తర్వు) లేకపోతే జీఓయే లేదు. 2021 ఆగస్టులో ప్రభుత్వం జీఓలను పాత సైటులో పెట్టడం ఆపేసింది, 2024లో మళ్లీ మొదలుపెట్టింది. ఆ మధ్య కాలానిది దొరక్కపోతే నంబరు, శాఖ పేరు రాసి ఆర్టీఐ వేయండి.

అపోహ: పెట్టుబడుల సదస్సులో చెప్పిన కోట్లన్నీ పెట్టుబడులే. 2023 మార్చిలో ఇక్కడ విశాఖలో జరిగిన సదస్సులో 13 లక్షల కోట్లకు పైగా ఒప్పందాలని ప్రకటించారు. 2025 నవంబరు సదస్సులోనూ లక్షల కోట్ల లెక్కే. ఎంఓయూ (అవగాహన ఒప్పందం) అంటే ఒక సంతకం మాత్రమే. ఆ తర్వాత రాష్ట్ర పెట్టుబడుల ప్రోత్సాహక బోర్డు (ఎస్‌ఐపీబీ) ఆమోదం, జీఓ, భూమి, ఉత్పత్తి, క్లెయిము, నిధుల విడుదల వరసగా ఉంటాయి. మన యూనిట్లకూ అంతే, మంజూరైన రోజే డబ్బు ఖాతాలో పడదు.

అపోహ: ఐటీ కంపెనీలకు ఎకరం 99 పైసలకే భూములు గుట్టుగా ఇచ్చేశారు. రుషికొండలో టీసీఎస్‌కి 21.16 ఎకరాలు, కాపులుప్పాడలో కాగ్నిజెంట్‌కి 21.31 ఎకరాలు, టీసీఎస్ 12 వేల ఉద్యోగాలు, కాగ్నిజెంట్ 8 వేలు ఇస్తాయని 2025లో మంత్రివర్గం ఆమోదించినప్పుడే అంకెలతో సహా అన్ని పత్రికల్లో వచ్చింది. ఆ ధర సబబా కాదా అన్నది వేరే వాదన. మనం అడగాల్సింది ఇవాళ్టికి ఎంతమంది చేరారు అన్నది. ఇచ్చేరోజు అంకెలు చెప్పడంలో మనవాళ్లకు లోటు లేదు, ఏటేటా లెక్క చెప్పడంలోనే బద్ధకం.

చివరగా, పరవాడ, అచ్యుతాపురం వాళ్లకు ఒక మాట. 2022 ఏప్రిల్ 4 నుంచి మీరు అనకాపల్లి జిల్లా. దరఖాస్తు విశాఖ ఆఫీసుకిస్తే 5 రోజుల్లో అక్కడికి బదిలీ చేయాలని చట్టంలో ఉంది, కానీ నేరుగా అక్కడే ఇవ్వండి. నోటీసుకి జవాబైతే అసలే ఆఫీసు తప్పకూడదు. నోటీసు మీద ఏ పీఐఓ సంతకం ఉందో చూసి ఆయనకే రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు ఫైల్లో పెట్టుకోండి.