అద్దాల మీది తెల్లమచ్చల గురించి పిల్లలకు ఉత్తరం

అనంతపురం

చిరంజీవులైన పిల్లలకు అవ్వ ఆశీస్సులు.

ఈసారి దసరాకు ముందు కిటికీల అద్దాలు మీరే తుడుస్తామన్నారట. దుకాణంలో అమ్మే నీలిరంగు స్ప్రే సీసా కొనాలా, ఇంట్లో ఉన్నవాటితోనే పని జరుగుతుందా అని అడిగారని కూడా మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఇంట్లో ఉన్నవాటితోనే జరుగుతుంది. అయితే ఏది వాడాలో చెప్పే ముందు మన ఊళ్లో అద్దం దేనివల్ల మాస్తుందో చెప్పాలి. నీళ్లూ గాలీ వేరుగా ఉండే ఊరివాళ్ల చిట్కా మనకు సగమే పనికొస్తుంది.

మన జిల్లాలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆషాఢ శ్రావణాలలో వీచే గాలి మనకు వాన కంటే దుమ్మునే ఎక్కువగా తెస్తుంది. ఆ దుమ్ములో సన్నని ఇసుక ఉంటుంది. రాళ్ల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద కిటికీ గాజు 5.5 దగ్గర ఉంటే, ఇసుకలో ఉండే పలుగురాయి 7 దగ్గర ఉంటుంది. అందువల్ల దుమ్ము పట్టిన అద్దాన్ని పొడిబట్టతో గట్టిగా రుద్దితే ఆ ఇసుకే గాజును గీస్తుంది. ముందుగా మెత్తటి పొరకతో పైనుంచి కిందికి దులపండి, కిటికీ చట్రం మూలల్లో చేరిన మట్టిని కూడా తీసేయండి, ఆ తరువాతే తడిబట్ట పట్టండి.

దుమ్ము కంటే మొండిది తెల్లమచ్చ. అది ఎక్కడినుంచో వచ్చిన మురికి కాదు, మనం తుడిచిన నీళ్లే దాన్ని మిగుల్చుతాయి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. నీరు ఆవిరైపోతే అవి అద్దం మీద సున్నపు పొరగా నిలుస్తాయి. గీజరు కాయిల్ చుట్టూ పేరుకునే తెల్లటి పెచ్చు కూడా ఈ జాతిదే. తాగేనీటి కాఠిన్యం, అంటే అందులో కరిగిన ఈ లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిదని, వేరే ఆధారం లేనిచోట 600 వరకూ సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. మన వైపు మొదటి హద్దు దాటిన బోర్లు ఎన్నో ఉన్నాయి. ఆ నీళ్లతో అద్దం కడిగి ఎండకు ఆరనిచ్చామంటే మచ్చను మనమే పెట్టినట్టు. కాబట్టి ఏ సీసా కొనాలన్నదానికంటే చివరి తుడుపుకు ఏ నీళ్లు వాడాలన్నదే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

వాన నీటిలో ఈ లవణాలు దాదాపు ఉండవు. మిద్దె మీద మొదటి జల్లును పోనిచ్చి, తరువాత పడిన నీటిని ఒక బిందె పట్టి ఉంచుకుంటే ఇంటి అద్దాలన్నిటికీ చాలు. వాన లేని రోజుల్లో ఏసీ గొట్టం నుంచి కారే నీటిని పట్టి, వడగట్టి వాడండి. అది గాలిలోని తేమ చల్లబడి కారిన నీరు, అందులో సున్నం ఉండదు. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లను మాత్రం అద్దాల దగ్గరికి తేకండి, లవణాలన్నీ చిక్కబడేది అందులోనే.

ఇప్పటికే పట్టిన తెల్లమచ్చకు పులుపే మందు. వినెగర్‌లో అంతే నీరు కలపండి, లేదా నిమ్మరసం వడగట్టి తీసుకోండి. నూలుబట్టను అందులో తడిపి, పిండి, మచ్చ మీద పది నిమిషాలు ఆనించి ఉంచితే సున్నం కరుగుతుంది. ఇక్కడొక హెచ్చరిక ఉంది, మన ఇళ్లలో దీన్ని మరిచిపోతే నష్టం పెద్దది. మన కిటికీ గట్ల మీదా, నేల మీదా పరిచిన తాడిపత్రి బండలు, కడప బండలు, బేతంచెర్ల బండలు అన్నీ సున్నపురాయే. అద్దం మీది సున్నాన్ని కరిగించే పులుపు వాటినీ తింటుంది. ఒక్క చుక్క పడి కాసేపు నిలిస్తే అక్కడ మెరుగు పోతుంది, అది తుడిస్తే తిరిగి రాదు. అందుకే వినెగర్‌ను అద్దం మీద చిమ్మవద్దు, బట్టతోనే అద్దండి. గట్టు మీద మడతపెట్టిన తడిగుడ్డ పరచండి, చుక్క పడితే వెంటనే నీళ్లతో తుడవండి.

వంటింటి కిటికీకి పట్టే జిడ్డు పులుపుకు లొంగదు. దానికి కుంకుడుకాయలు ఉన్నాయి. ఐదారు కాయలను గింజలు తీసి రాత్రి చెంబెడు నీళ్లలో నానబెట్టి, ఉదయం పిసికి, పలచటి బట్టలో వడగట్టండి. సబ్బు ఉప్పునీళ్లలో విరిగి తెల్లటి తెట్టు కడుతుంది, కుంకుడు నురుగుకు ఆ తంటా లేదు. కంట్లో పడితే ఎలా మండుతుందో తలంటుకున్న మీకు చెప్పనక్కర లేదు.

వంటసోడానూ వినెగర్‌నూ కలిపితే బుసబుస పొంగుతుంది కానీ, ఒకదాని బలాన్ని మరొకటి తీసేస్తుంది. ఆ పొంగు చూడడానికే బాగుంటుంది. బ్లీచింగ్ పౌడరుతో మాత్రం వినెగర్ గానీ, అమోనియా ఉన్న స్ప్రే గానీ ఎన్నడూ కలపకూడదు, ఊపిరితిత్తులను దెబ్బతీసే విషవాయువులు పుడతాయి.

తుడవడానికి చాలాసార్లు ఉతికిన పాత పంచె గుడ్డకు మించినది లేదు. పాత వార్తాపత్రికతోనూ అద్దం మెరుస్తుంది కానీ, దాని సిరా తెల్లరంగు వేసిన చట్రానికి అంటుకుంటుంది. ఎండ పడని వేళ చూసుకుని తుడవండి, వేడెక్కిన గాజు మీద తడి చారలుగా ఆరిపోతుంది.

ముఖం చూసుకునే అద్దం సంగతి వేరు. దాని వెనుక పలుచని వెండి పూత ఉంటుంది. ఆ పూత వేసే రసాయన పద్ధతిని 1835లో జర్మనీకి చెందిన రసాయన శాస్త్రవేత్త లీబిగ్ కనుగొన్నాడు. అంచుల గుండా తడి లోపలికి దిగితే ఆ పూత నల్లబడుతుంది, ముందువైపు ఎంత రుద్దినా ఆ నలుపు పోదు. అందుచేత బట్టను బాగా పిండి తుడవండి, అంచులను పొడిబట్టతో ఒత్తండి. చిన్న అద్దానికి నోటి ఆవిరి పట్టి తుడిస్తే చాలు, అది కూడా సున్నం లేని తడే.

మిగిలిన కుంకుడు నీళ్లను కరివేపాకు చెట్టు మొదట్లో పోయండి, వినెగర్ నీళ్లను బాగా పలుచన చేసి నేరుగా తూములో వదలండి. మిద్దె మీది గది కిటికీలకు బయటివైపు మీరు ఎక్కవద్దు, ఆ పని నాన్నది.

ఇట్లు,
మీ అవ్వ