రెండో కేబుల్ వేస్తే నెట్ ఎందుకు ఆగింది?

రాయగడ నుంచి ఒక పాఠకుడు అడిగారు: "ఒకటి తెగినా ఇంకొకటి ఉంటుందని కాలేజీ ల్యాబ్‌లో రెండు స్విచ్‌ల మధ్య రెండో కేబుల్ వేశాం. నిమిషంలో నెట్ మొత్తం ఆగిపోయింది. తీసేస్తే బాగుపడింది. ఎందుకని?"

స్టార్, బస్, రింగ్, మెష్ అని కంప్యూటర్లను కలిపే తీరుల బొమ్మలు గీయించి లాభనష్టాలు బట్టీ పట్టించే పాఠాల్లో దీనికి జవాబు దొరకదు. స్టార్‌లో కేబుళ్లన్నీ వచ్చి కలిసే నడిమి స్విచ్ పోతే అన్నీ పోతాయి. ప్రతి స్విచ్‌నీ మిగతా అన్నిటితో కలిపే మెష్ తట్టుకుంటుంది గానీ 10 స్విచ్‌లకు 45 కేబుళ్లు కావాలి. అక్కడితో పాఠం అయిపోతుంది. అసలు చిక్కు ఆ తర్వాతే.

"ఈ ఐపీ ఎవరిది?" అని ఒక కంప్యూటర్ నెట్‌లోని అన్నిటికీ వినపడేలా కేక వేస్తుంది, దీన్ని ఏఆర్‌పీ అంటారు. ఆ కేక వచ్చిన పోర్టు తప్ప మిగతా పోర్టులన్నిటికీ స్విచ్ దాన్ని పంపుతుంది. అది రెండు కేబుళ్లలోనూ అవతలి స్విచ్‌కి చేరుతుంది. మొదటి దాంట్లో వచ్చింది రెండో దాంట్లో, రెండో దాంట్లో వచ్చింది మొదటి దాంట్లో వెనక్కి వస్తాయి. ఐపీ ప్యాకెట్‌కైతే టీటీఎల్ అనే ఆయుష్షు లెక్క ఉంటుంది. రౌటర్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గి, సున్నా అయితే ప్యాకెట్ పోతుంది. స్విచ్‌ల మధ్య ఆ కేకను మోసే ఈథర్నెట్ ఫ్రేముకి (డేటా మూటకి) ఆ లెక్క లేదు, గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. కొత్త కేకలు వచ్చి కలుస్తుంటాయి. 64 బైట్ల ఫ్రేము తీగ మీద మొత్తం 84 బైట్ల చోటు తీసుకుంటుంది కాబట్టి, గిగాబిట్ లింకు నిండితే సెకనుకు 14,88,095 ఫ్రేములు! అందులో తన వంతుకు వచ్చిన ప్రతి కేకనూ ప్రతి కంప్యూటరూ చూడాలి. ఒకే మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్ కార్డు గుర్తు సంఖ్య) కాసేపు ఈ పోర్టులో, కాసేపు ఆ పోర్టులో కనిపించి, ఏది ఏ పోర్టులో ఉందో రాసుకునే స్విచ్ పట్టిక కూడా చెడుతుంది. స్విచ్ లైట్లన్నీ ఒక్కసారిగా ఆగకుండా మెరుస్తుంటే వైరస్ అనో, గదికి దిష్టి తగిలిందనో అనుకోకండి. స్విచ్‌ల మధ్య కేబుళ్లు ఒక్కొక్కటే ఊడదీస్తూ రండి, చుట్టు (లూప్) ఎక్కడుందో తెలుస్తుంది.

దీనికి మందు 1985లో నెట్‌వర్క్ ఇంజనీరు రేడియా పెర్ల్‌మన్ కనిపెట్టిన స్పానింగ్ ట్రీ పద్ధతి (ఎస్‌టీపీ). స్విచ్‌లు తమలో ఒకదాన్ని రూట్‌గా, అంటే దారులన్నిటికీ మొదలుగా, ఎన్నుకుని, చుట్టు కట్టే పోర్టును నిద్రపుచ్చుతాయి. వాడుతున్న దారి తెగితే దాన్ని లేపుతాయి. ఎంత అందమైన ఆలోచన! కానీ ఆ ఎన్నికలో చూసే ప్రయారిటీ సంఖ్య (తక్కువున్నదే గెలుస్తుంది) అన్నిటికీ 32768గానే వదిలేస్తే, మ్యాక్ చిరునామా తక్కువున్న స్విచ్ రూట్ అవుతుంది. అది తరచూ మూలనున్న పాత స్విచ్చే. అందుకే నడిమి స్విచ్‌కి 4096, అది పోతే రూట్ అయ్యే తోడు స్విచ్‌కి 8192 ఇవ్వండి. కంప్యూటర్లున్న పోర్టులకు బీపీడీయూ గార్డ్ పెట్టండి, అక్కడ స్విచ్‌ల స్పానింగ్ ట్రీ సందేశం (బీపీడీయూ) వస్తే పోర్టు మూతపడుతుంది. చవక అన్‌మేనేజ్డ్ (సెట్టింగులు మార్చలేని) స్విచ్‌లలో సాధారణంగా స్పానింగ్ ట్రీ ఉండదు, అక్కడ రెండో కేబుల్ వద్దు. గుణుపురం, రాయగడ వైపు వైశాఖంలో పిడుగులు పడతాయి కాబట్టి భవనాల మధ్య రాగి తీగ కాకుండా ఫైబర్ వేయండి.

అంతా అయ్యాక పింగ్ (అవతలి కంప్యూటర్ జవాబిస్తోందా అని మళ్లీ మళ్లీ అడిగే ఆదేశం) నడుపుతూ వాడుతున్న కేబుల్ ఊడదీయండి. ఒకటి రెండు జవాబులే పోతే ఆర్‌ఎస్‌టీపీ (స్పానింగ్ ట్రీకి వేగమైన కొత్త రూపం) పనిచేస్తున్నట్టే. 30 సెకన్లు పోతే ఏదో ఒక స్విచ్ ఇంకా పాత ఎస్‌టీపీలోనే ఉంది. దాని సెట్టింగ్ మార్చి మళ్లీ ఊడదీసి చూడండి.