డాబా మీద ఎగరని హెలికాప్టర్

పర్లాకిమిడి రథయాత్రలో మా మేనల్లుడికి బొమ్మ హెలికాప్టర్ కొన్నాను. ఇంట్లో ఫ్యాను దాకా ఎగిరింది. మర్నాడు వాన తెరిపిచ్చి ఎండ పేల్చేస్తోంటే డాబా ఎక్కించాడు. లేచినట్టే లేచి దబ్బున పడింది.

"మావయ్యా, దీనికేటైంది?"

బ్యాటరీ అయిపోయుంటుందన్నాను. తప్పు. కిందికి తెస్తే అదే బ్యాటరీతో మళ్లీ ఎగిరింది.

రిమోట్ ముందున్న ఎల్‌ఈడీ పరారుణ కాంతిని పంపుతుంది. తరంగదైర్ఘ్యం మామూలుగా 940 నానోమీటర్లు. 700 దాటితే మన కంటికి దాదాపు ఏమీ ఆనదు. ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పెట్టి మీట నొక్కండి, చాలా ఫోన్లలో ఊదారంగు మెరుపు కనిపిస్తుంది. పిల్లలకి నేను ముందు చూపించేది ఇదే.

చిక్కేమిటంటే ఎండ నిండా ఇదే కాంతి. 1800లో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త పట్టకంతో ఎండను రంగులుగా విడదీసి, ఎరుపు పక్కన ఏ రంగూ లేని చోట థర్మామీటర్ పెడితే, అక్కడే ఎక్కువ వేడెక్కింది. మరి బొమ్మ తన రిమోట్‌ను ఎలా గుర్తుపడుతుంది? మిణుకుతో. ఎల్‌ఈడీ సెకనుకు సుమారు 38,000 సార్లు ఆరి వెలుగుతుంది. బొమ్మలోని రిసీవర్ ఆ లయలో వచ్చే కాంతినే లెక్కలోకి తీసుకుని, నిలకడగా ఉన్న వెలుగును వదిలేస్తుంది. ఆ మిణుకులు గుత్తులుగా వస్తాయి. బాగా వాడుకలో ఉన్న ఒక టీవీ రిమోట్ పద్ధతిలో గుత్తికీ గుత్తికీ మధ్య విరామం పొట్టిదైతే సున్నా, పొడుగైతే ఒకటి; ఆ సున్నాలూ ఒకట్ల వరసే ఆదేశం. టీవీకి ఒక్కసారి చెబితే చాలు. హెలికాప్టర్‌కు మాత్రం రెక్కల వేగం, తిరగాల్సిన దిక్కు సెకనుకు చాలాసార్లు చెబుతూనే ఉండాలి. మాట అందకపోతే మోటారు ఆగుతుంది.

నిలకడ వెలుగును వదిలేసేదే అయితే ఎండలో ఎందుకు పడింది? జల్లెడ పట్టేలోపే రిసీవర్‌లో కాంతిని కరెంటుగా మార్చే ఫోటోడయోడ్ మీద ఎండ కుమ్మరించేస్తుంది. రథం ముందు కంచు ఘంటలు మోగుతుంటే పక్కవాడి పిలుపు వినబడుతుందా? అలాగే. గాలిలోని నీటి ఆవిరి 940 దగ్గర ఎండను కొంత మింగేస్తుంది, అయినా మిగిలిందే ఎక్కువ. పైగా ఇంట్లో రిమోట్‌ను ఎటు తిప్పినా సున్నం గోడలు కాంతిని తిప్పికొట్టి అందిస్తాయి. డాబా మీద గోడలేవి?

మెట్లగది నీడలో మళ్లీ ఎగరేశాం. బాగానే ఎగిరింది. వాడు ఊరుకోక గుమ్మం దాటించాడు. ఎండ తగలగానే పడి తోక విరిగింది.