ఒసాకా కాదు, ఓసక

మన పత్రికల్లో జపాన్ ఊళ్ల పేర్లు చూడండి: ఒసాకా, హిరోషిమా, నాగసాకి, క్యోటో. అక్కడివాళ్లు పలికేది ఓసక, హిరొషిమ, నగసకి, క్యోతొ. దీర్ఘం ఉండాల్సినచోట ఎగిరిపోయింది, అక్కర్లేనిచోట వచ్చి కూర్చుంది. ఒక్క టోక్యోలోనే రెండు దీర్ఘాలూ సరిగ్గా కుదిరాయి. కాకపోతే మొదటిది 'ట' కాదు, 'త'.

తప్పు మన నాలుకది కాదు. జపనీస్‌లో అ, ఇ, ఉ, ఎ, ఒ అనే ఐదు హ్రస్వాలకూ ఐదు దీర్ఘాలున్నాయి. మెడకూ మేడకూ తేడా తెలిసిన మనకు అవన్నీ ఉన్నవే. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి చదవడంతోనే వస్తుంది చిక్కంతా. అందులో ఒ, ఓ రెంటికీ తరచూ ఒకటే అక్షరం. ధన్యవాదాలు చెప్పే 'అరిగాటో' అలా పుట్టిందే. అసలు మాట అరిగతో, చివరిదొక్కటే దీర్ఘం.

జపనీస్ మాటను కొలిచే ప్రమాణం 'హకు'. మన ఛందస్సులో మాత్ర లాంటిదే. హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి రెండు, పొల్లు 'న్'కి ఒకటి, ద్విత్వంలో మొదటి సగానికి ఒకటి. కితె (తొడుక్కుని) రెండు హకులు. కీతె (విని), కిత్తె (తపాలా బిళ్ల) మూడేసి. హైకూలో 5-7-5 అని లెక్కపెట్టేది వీటినే. సాధన చేసేటప్పుడు హకుకొక దెబ్బ చొప్పున బల్ల మీద వేలితో కొట్టండి: తొ-ఒ-క్యొ-ఒ, నాలుగు దెబ్బలు. వేగం ఎంతైనా ఫర్వాలేదు, దెబ్బల మధ్య ఎడం మాత్రం మారకూడదు.

దీర్ఘాన్ని సాగదీయడం బదులు గట్టిగా ఒత్తి పలకడం చాలామందికి అలవాటు. జపనీస్‌లో స్వరం ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి అన్నది మాటకు విడిగా ఉండే లక్షణం, నిడివితో ముడిపడింది కాదు. ఒబాసన్ (అమ్మమ్మ, నాయనమ్మ) అన్నప్పుడు స్వరం 'బ' దగ్గర ఎక్కి, ఆ దీర్ఘం నడిమధ్యలోనే దిగుతుంది. బీరు, బిరు మాటల్లోనైతే స్వరం ఒకేలా దిగుతుంది, నిడివే తేడా. మొదటిది మనకు తెలిసిన బీరే, రెండోది భవనం. దుకాణంలో కురచ చేసి అడిగితే ఏమడిగినట్టో చూసుకోండి.

జపనీస్ రాసే లిపుల్లో ఒకటైన హిరగనలో ఇంకో మెలిక ఉంది. ఓ-కారాన్ని ఎక్కువగా ఒ పక్కన ఉ పెట్టి రాస్తారు, ఏ-కారాన్ని ఎ పక్కన ఇ పెట్టి. చూసి 'తౌక్యౌ', 'సెన్సెయ్' అనకూడదు, తోక్యో, సెన్సే (గురువు). మంచుగడ్డకు వాడే 'కోరి' లాంటి కొన్ని మాటల్లో మాత్రం ఒ పక్కన ఒ-నే రాస్తారు. చిల్లర అమ్మకం అనే మాటలో 'కొ', 'ఉరి' రెండు వేర్వేరు పదాలు. అందుకే ఒ పక్కన ఉ ఉన్నా కలిపి సాగదీయరు, కొ-ఉరి అని విడిగానే పలుకుతారు. 'అనుకోవడం' అనే క్రియ ఒమొఉ కూడా అంతే, చివరి ఉ ప్రత్యయం. బీరు లాంటి విదేశీ మాటలకు వాడే కతకన లిపిలో ఈ బెడద లేదు, దీర్ఘానికి ఒక అడ్డగీత గీస్తారు.

ఏ మాటలో దీర్ఘం ఎలా రాస్తారో గుర్తుండాలంటే కంప్యూటర్‌లో జపనీస్ టైపు చేయడం మంచి మార్గం. టోక్యోకి మామూలు ఇంగ్లిష్ స్పెల్లింగ్ కొడితే తెర మీద 'తొక్యొ' అని హ్రస్వాలే పడతాయి. రెండు 'ఓ'ల తర్వాతా 'యు' కొడితేనే సరైన రూపం వస్తుంది. ఓసకకు మొదట 'ఓ' రెండుసార్లు కొట్టాలి. బీరుకైతే 'ఐ' తర్వాత హైఫన్ మీట.